పది లెక్కపెట్టేలోపు

ఆ వీడియోలో ఒకాయన తెల్లకోటు వేసుకున్నాడు.
కోటు జేబు మీద ఏ ఆస్పత్రి పేరూ లేదు.
"పది అంకెలు ఊపిరి బిగబట్టండి,
దగ్గు రాకపోతే మీ ఊపిరితిత్తులు భేష్" అన్నాడు.

మేం నలుగురం. హాస్టల్ అయిదో అంతస్తు,
ఒకరి మీద ఒకరం పడుకునే ఇనప మంచాలు.
కిటికీ అవతల ఉలాన్‌బాతర్ ఉండాలి, కనిపించడం లేదు.
కొండవాలు గుడారాల పొయ్యిల్లోంచి
బొగ్గు పొగ కిందికి దిగి
వీధి దీపాలను ఒక్కొక్కటే మింగుతోంది.
బయట మైనస్ ముప్పై ఒకటి.
లోపల ఫోను వెలుగులో నాలుగు ముఖాలు,
బుగ్గలు పూరించి,
పందెం కాసినట్టు.

నొమూన్ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది.
ఎనెరెల్ నవ్వాపుకోలేక నాలుగుకే ఓడిపోయింది.
నేను పది దాటి పన్నెండు దాకా ఈదాను.
ఖొంగొర్‌జుల్ ఏడు దగ్గర తెగింది.

దగ్గు.
దుప్పటి నోట్లో కుక్కుకున్నా ఆగని దగ్గు.

ఎవరం ఏమీ అనలేదు.
నొమూన్ తర్వాతి వీడియోకి జరిపింది.
అందులో ఒంటె పిల్ల ఒకటి మంచులో జారిపడుతోంది.

నాది నర్సింగ్, మూడో ఏడు.
ఆ పరీక్ష ఒట్టి బూటకమని నాకు తెలుసు.
పన్నెండు దాకా ఎందుకు ఈదానో మాత్రం నన్నడక్కండి.

ఆ వారమే క్లాసులో సర్వే కాగితాలు పంచారు.
సోషల్ మీడియాలో ఆరోగ్య సమాచారాన్ని ఎంత నమ్ముతారు?
"తక్కువ" దగ్గర టిక్కు పెట్టాం, మర్యాదస్తుల్లా.
ఎంత తరచుగా చూస్తారు?
"రోజూ."
పక్క బెంచీ తుగుల్దర్, మందుల షాపు వాళ్ళబ్బాయి,
అదే టిక్కు పెట్టాడు.
జుట్టు రాలుతోందని ఉల్లిరసం పూసుకుని
లెక్చరుకొచ్చేది అతనే.

రెండు ప్రశ్నల మధ్య ఖాళీలో
పెన్ను ఆనించి కాసేపు కూర్చున్నాను.
అక్కడ రాయడానికి గీత ఇవ్వలేదు వాళ్ళు.
ఇచ్చుంటే రాసేదాన్ని:
నమ్మి కాదు మేడమ్.
రాత్రి రెండింటికి క్లినిక్ తలుపు మూసి ఉంటుంది,
ఇది తెరిచి ఉంటుంది.
ఇన్సూరెన్స్ కార్డు అడగదు.
ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావని కోప్పడదు.

ఖొంగొర్‌జుల్ దాచుకున్న వీడియోలు నూటపన్నెండు.
అల్లం, తేనె, గొర్రె తోక కొవ్వు,
చెవి వెనక నొక్కాల్సిన చోటు.
ఒకడు పాలు మానమన్నాడు,
ఒకావిడ పాలే తాగమంది.
మా దేశంలో పాలు మానమనడం
గాలి పీల్చడం మానమన్నట్టే.
గాలి సంగతి సరే, చెప్పాను కదా.

నూటపన్నెండోది దార్ఖాన్ అమ్మాయిది.
తెల్లకోటు లేదు. వంటగది,
వెనకాల ఉప్పు టీ పొంగిపోతోంది.
"నేను డాక్టర్ని కాదు. నాలుగు నెలలు దగ్గాను.
భయపడి వెళ్ళలేదు. వెళ్ళాల్సింది."
అంతే. పదకొండు సెకన్లు.
చూసినవాళ్ళు నలభై మంది కూడా లేరు.

మంగళవారం పొద్దున్నే జిల్లా ఆస్పత్రికి వెళ్ళాం.
డాక్టరమ్మ ఎక్స్‌రేని దీపానికి తగిలించి
తల తిప్పకుండానే అడిగింది:
"దగ్గు ఎప్పటి నుంచి?"
ఖొంగొర్‌జుల్ నా వైపు చూసింది.
కింది మంచం మీదే పడుకుంటాను,
నర్సు చదువు చదువుతాను,
నాకూ తెలీదు.

అప్పుడు ఫోను తీసి
దాచుకున్నవాటి అట్టడుగుకి
వేలితో జరుపుకుంటూ, జరుపుకుంటూ వెళ్ళింది.
మొట్టమొదటిది. అల్లం, తేనె. కింద తేదీ.
"అక్టోబరు తొమ్మిది" అంది.

డాక్టరమ్మ ఇప్పుడు తల తిప్పింది.
ఫోనుని చూసింది, పిల్లని చూసింది,
కాగితం మీద రాసుకుంది.

వారం తిరిగాక మాత్రల సంచి ఇచ్చారు.
ఆర్నెల్లు, ఒక్కరోజూ తప్పకూడదు.
బస్‌స్టాపులో చేతి తొడుగు పళ్ళతో లాగి
పొద్దున్న ఏడింటికి అలారం పెట్టుకుంది,
అదే ఫోనులో.
అది మూయబోతుంటే తెల్లకోటాయన మళ్ళీ వచ్చాడు.
తీసెయ్యలేదు.
గొంతు మాత్రం తగ్గించేసి
ఆయన్ని అలా పెదాలు కదపనిచ్చింది,
బస్సు వచ్చేదాకా.